ఆరుగురు ఎక్కితేగాని కదలని గౌరి

పోయిన నెల మా అల్లుడు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి, "అత్తమ్మా, కాళేశ్వరం పోయొద్దామా? పొద్దున్నే బయలుదేరితే దర్శనం చేసుకుని మాపటికల్లా జనగామలో ఉంటాం" అన్నాడు. నేను నవ్వాను. నవ్వు ఆగక దగ్గు వచ్చేదాకా నవ్వాను. పాపం, తన మాటలో తప్పేముందో తెలియక అతను నా కూతురి మొహం చూశాడు. తప్పేమీ లేదు. నేను మొదటిసారి జనగామ నుంచి కాళేశ్వరం పోయినప్పుడు తొమ్మిది రోజులు పట్టింది, అంతే. మా తాత, మా నాయనమ్మ, నేను, ఒక జట్కా, ఆ జట్కాకు కట్టిన గౌరి అనే ఆడగుర్రం. మానుకోట నుంచి బండి వెనక కట్టుకుపోయిన గౌరి బిడ్డ చిట్టి. ఆ రెండు గుర్రాలను వాటి కొత్త ఇంట్లో దించి రావడానికి పోయాం. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ తర్వాత చాలా ప్రయాణాలు చేశాను, ఒకసారి విమానం కూడా ఎక్కాను. వాటిలో ఏది తలుచుకున్నా ఇంత నవ్వు రాదు.

మా ఇల్లు స్టేషన్ రోడ్డులో ఉండేది. ఇల్లు అనడం కంటే గుర్రం కొట్టానికి ఆనించి కట్టుకున్న రెండు గదులు అంటే సరిగ్గా ఉంటుంది. పొద్దున లేస్తూనే ముక్కుకు తగిలేది ఉడికే ఉలవల వాసన. నాయనమ్మను మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్ళం. అవ్వ పొయ్యి మీద మొదట పెట్టేది గుర్రం దాణా గిన్నె. అది దిగాకే మా చాయ గిన్నె ఎక్కేది. ఉలవలు గౌరికి, ఉలవలు ఉడికిన నీళ్ళు మాకు. ఆ నీళ్ళలో చింతపులుసు పోసి, ఎల్లిపాయ పోపు పెడితే చారు. నేను కాలేజీకి పోయేదాకా చారు అంటే అదేననుకున్నాను. ఇప్పుడు హోటళ్ళలో చిన్న గిన్నెలో, పైన మీగడ వేసి, అదేదో గొప్ప వంటకంలా తెచ్చి పెడుతున్నారు. నాకు మాత్రం అది గౌరి ఎంగిలిలాగే అనిపిస్తుంది, ఇష్టంగానే తింటాను. ఇంట్లో తోలు వాసన, ఎండుగడ్డి వాసన, తాత బీడీ వాసన కలిసి మా పుస్తకాలకు కూడా పట్టి ఉండేవి. క్లాసులో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. నేను కావాలని ఇంకాస్త దగ్గరగా జరిగేదాన్ని.

తాతకు గౌరితో మాట్లాడడం తప్ప వేరే వ్యసనం లేదు. ఇంట్లో మాతో "ఊఁ", "ఉహుఁ", "బువ్వ పెట్టు" అనేవాడు. కొట్టంలోకి పోతే ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఎవరి పెళ్ళి ఎందుకు ఆగిపోయింది, ఏ రైలు ఎంత ఆలస్యం, మోకాలు ఎట్లా గుంజుతోంది, అన్నీ దానికి చెప్పేవాడు. పొద్దున కొట్టం నుంచి స్టేషన్ దాకా ఖాళీ బండిలో ఏనాడూ కూర్చోలేదు. దానికి ఊరికే బరువెందుకని కళ్ళెం పట్టుకుని పక్కన నడిచేవాడు. రైలు దిగిన వాళ్ళలో ఆరుగురు ఎక్కి కూర్చున్నాకే ముందు పలక మీదికి ఎక్కి, నాలుకతో ఒక చప్పుడు చేసి, "పోదాం పా గౌరమ్మా" అనేవాడు. అది కదిలేది. మాపు మార్కెట్టు నుంచి తిరిగొచ్చేటప్పుడూ అదే వరస. ఆ ఒక్క మాటకు గుర్రం కదలడం చూసి తెలియని వాళ్ళు ముచ్చటపడితే, "నా మాట తప్ప ఇంకెవ్వల మాట వినది" అని తాత మీసం దువ్వేవాడు. మేమూ అదే నిజమనుకున్నాం.

ఆటోలు వచ్చాయి. స్టేషన్ రోడ్డు వెడల్పు చేస్తామన్నారు, మా కొట్టం ఆ కొలతలో పడింది. కొట్టం పోతే గౌరిని కట్టడానికి చోటు లేదు. పట్నం నుంచి ఒక దళారి రెండుసార్లు వచ్చి పోయాడు. అతను కొన్న గుర్రాలు ఎటు పోతాయో అందరికీ తెలుసు, ఇటుక బట్టీలకు. అతను వచ్చిన రోజు తాత అన్నం ముట్టలేదు. అప్పుడు అవ్వకు కాళేశ్వరంలో ఉన్న లస్మక్క గుర్తొచ్చింది. లస్మక్క అవ్వకు వరసకు మేనకోడలు. బస్సులు ఆగే చోట చాయ కొట్టు పెట్టుకుంది. బస్సు దిగిన యాత్రికులను గోదావరి ఒడ్డు దాకా తీసుకుపోవడానికి జట్కా ఒకటి ఉంటే బాగుండునని ఎప్పటినుంచో అంటోంది. కబురు పెడితే జవాబు వచ్చింది: మానుకోటలో తాత చెల్లెలి ఇంట్లో ఉన్న చిట్టిని కూడా తీసుకురండి, రెండింటినీ సాకుతాను. కాని గుర్రం నా చేతికి రావాలి. రాకుంటే వెనక్కి తోలుకపోండి, ఆడదాన్ని, మొండి గుర్రంతో ఏగలేను. వెనక్కి తోలుకొస్తే కట్టే చోటు లేదు, దళారి ఉన్నాడు. కాబట్టి కాళేశ్వరం చేరేలోగా గౌరి తాత మాట మరిచిపోయి ఒక ఆడమనిషి చేతికి అలవాటు పడాలి. ఆ ఆడమనిషిని నేను. ఇది అవ్వ వేసిన ఎత్తు.

"పగ్గాలు సుగుణ పట్టుకుంటది. నువ్వు ఎనక కూసొని నోరు మూసుకో" అంది అవ్వ, జనగామ పొలిమేర దాటాక. "కాళేశ్వరం దాక గుర్రంతోని ఒక్క ముచ్చట చెప్పినవంటె నేను దిగి బస్సెక్కుత."

అప్పటిదాకా కళ్ళెం పట్టుకుని నడిచొచ్చిన తాత వెనక ఎక్కి కూర్చున్నాడు. నేను పలక మీద కూర్చుని నాలుకతో చప్పుడు చేశాను. "పోదాం పా గౌరమ్మా" అన్నాను. గౌరి చెవులు ఒకసారి ఆడించి ఊరుకుంది. బతిమాలాను, పగ్గాలు ఆడించాను, కొరడా మాత్రం ఎత్తలేదు, ఎత్తితే తాత నన్ను ఎత్తి అవతల పడేసేవాడు. అరగంట అయ్యాక తాత దిగి కళ్ళెం పట్టుకుని నడిచాడు. గౌరి కూడా వెంటనే నడిచింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పలె? నేను లేంది అది అడుగు వెయ్యది." ఆ వెలుగుతోనే ఆ రోజంతా ఎండలో నడిచాడు. రాత్రి బస చేసిన ఇంట్లో అవ్వ ఆయన పాదాలకు ఆముదం రాస్తుంటే చూశాను, రెండు మడమలూ బొబ్బలెక్కాయి. తాత తృప్తిగా నిద్రపోయాడు. నాకు నిజంగా భయం వేసింది. గుర్రం ఇట్లా ఉంటే లస్మక్క దాన్ని ఉంచుకోదు.

రెండో రోజు, కుంటుతూ నడుస్తున్న తాతను పాలకుర్తి దాటగానే ఆపి, అవ్వ ఆయన నోట్లో దిట్టంగా తమలపాకుల చుట్ట కుక్కి వెనక కూర్చోబెట్టింది. ఆ చోటే, రోడ్డు మీద, గౌరి రాయిలా నిలబడింది. పొద్దెక్కింది. దారిన పోయేవాళ్ళంతా వైద్యులే. ఒకాయన తోక మెలిపెట్టమన్నాడు, ఇంకొకాయన చెవిలో ఊదమన్నాడు. మూడో ఆయన దిష్టి తీయమని చెప్పి, మిరపకాయలు మీ దగ్గర లేవా అని మమ్మల్నే కోప్పడ్డాడు. అప్పుడు మిరప చేలో కాయలు ఏరడానికి పోయి వస్తున్న నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. రోడ్డు పక్కన జట్కా ఆగి ఉంది, అందులో ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. అంటే వాళ్ళ లెక్కలో ఇంకా నిండలేదు, నిండడానికి ఆగి ఉంది. వాళ్ళు ఒక్క మాట అడగకుండా ఒకరి తర్వాత ఒకరు ఎక్కి కూర్చున్నారు. మిరప ఘాటుకు అవ్వ రెండుసార్లు తుమ్మింది. నాలుగో ఆమె ఎక్కగానే బండి వెనక భాగం కుంగి, ముందు కర్రలు కాస్త పైకి లేచి, గౌరి పొట్ట కింది పట్టీ బిగుసుకుంది. గౌరి తల ఒకసారి ఊపి, నేనింకా పగ్గాలు సరిగ్గా పట్టుకోకముందే, హాయిగా నడక మొదలుపెట్టింది.

ఈసారి ఎవరూ "పోదాం పా గౌరమ్మా" అనలేదు. తాత నోట్లో తమలపాకులు ఉన్నాయి. నాకు కాసేపటికి అర్థమైంది, అర్థం కాగానే పడీ పడీ నవ్వాను. గౌరి ఏనాడూ తాత మాట విని కదలలేదు. బండి నిండిందా లేదా అని పొట్ట పట్టీతో తూచుకునేది. ఆరుగురు కూర్చున్న బరువు తగలగానే కదిలేది, తాత మాట సరిగ్గా ఆ సమయానికే వచ్చేది. ఖాళీ బండిలో ఆయన ఎన్నడూ కూర్చోకపోవడం వల్ల, పక్కన ఆయన నడవకుండా ఖాళీ బండిని లాగాలన్న సంగతే దానికి తెలియదు. తాత ముద్దు చేసి చేసి దానికి నేర్పిన చదువు అది. ఆడవాళ్ళకు సంగతి చెబితే వాళ్ళూ నవ్వారు. ఒకామె, "మంచి గుర్రమే తల్లీ, మా ఆటో డ్రైవర్ తీరుగ ఉన్నది. పదిమందిని కుక్కితెగాని కదలడు" అంది. తాత ఒక్కడే నవ్వలేదు. తమలపాకులు ఉమ్మేసి, తొర్రూరు వచ్చేదాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మాపు గౌరికి దాణా పెడుతూ, "అయితే పద్నాలుగేండ్ల సంది నేను ఎవలితోని మాట్లాడిన?" అన్నాడు. మమ్మల్ని కాదు, దాన్ని కాదు, ఊరికే అన్నాడు. ఆయన గొంతు విని నా నవ్వు ఆగిపోయింది. అవ్వకు మాత్రం జాలి చూపించే పద్ధతి తెలియదు. "నాతోని మాట్లాడకుంట మిగిలిచ్చుకున్నయన్ని దానికి చెప్పినవు. అది వినలే. ఇంక నాకు చెప్పు, నేను వింట. నేను ఆరుగురు ఎక్కెదాక ఆగ గూడ ఆగ" అంది.

అక్కడి నుంచి మా ప్రయాణం తీరే మారిపోయింది. బండి నిండితేనే కదులుతుంది కాబట్టి, కాళేశ్వరం దాకా రోడ్డు మీద కనబడిన వాళ్ళనందరినీ ఎక్కించుకుంటూ పోయాం. "మీరు ఎక్కడికి?" అని వాళ్ళు అడగాల్సింది పోయి, "మీరు ఎటు పోవాలె? ఎటన్న సరే, ఎక్కుండ్రి" అని మేమే బతిమాలేవాళ్ళం. ఊరికే ఎక్కించుకుంటున్నారంటే మొదట అనుమానపడేవారు. ఎక్కాక దిగేవారు కాదు. మానుకోటలో తాత చెల్లెలి ఇంటి ముందు ఆగగానే, వెనక వాకిట్లో కట్టేసి ఉన్న చిట్టి సకిలించింది. గౌరి బదులు పలికింది. నాలుగేళ్ళ తర్వాత తల్లీబిడ్డలు కలుసుకున్నాయి. గౌరి దాని మెడ మీద మూతి పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడింది. చిట్టిని బండి వెనక కట్టాం. గూడూరు దాటాక ఒక తండా నుంచి పెళ్ళి సామానుతో వస్తున్న లంబాడా కుటుంబం ఎక్కింది. వాళ్ళలో పెద్దావిడకు తెలుగు అంతంత మాత్రం, అవ్వకు వాళ్ళ భాష అసలే రాదు. ఇద్దరూ పది మైళ్ళు ఎడతెగకుండా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "కోడండ్ల ముచ్చట" అంది అవ్వ, అంత సులువైన సంగతి అడుగుతావేమన్నట్టు.

కొత్తగూడ అడవిలో చిక్కొచ్చింది. మనుషులు లేరు. బండి ఆగిపోయింది. ఎక్కిన వాళ్ళు అంతకుముందు ఊళ్ళోనే దిగిపోయారు. అక్కడి నుంచి కళ్ళెం పట్టుకుని నడిచిన తాత మడమలు మళ్ళీ పగిలాయి, ఇక అడుగు వేయలేడు, నేను కళ్ళెం పట్టి గుంజితే గౌరి రాలేదు. రాళ్ళు ఎక్కించి చూద్దామన్నాను. తాతకు కోపం వచ్చింది. "రాళ్ళు మోపిస్తవా? మనుషులను మోసిన గుర్రం అది. దాని ముందల నా ఇజ్జత్ తియ్యకు." అప్పటికే మాట వినలేదని తెలిసిన గుర్రం ముందు ఆయనకు ఇంకా ఇజ్జత్ ఉంది. నాకు ఆ ముసలాయన మీద అంత ప్రేమ అంతకుముందు ఎన్నడూ కలగలేదు. సగం రోజు చెట్టు కింద కూర్చున్నాం. తునికిపండ్లు తిన్నాం. తాత అవ్వకు తన చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాయిన తొలిసారి గుర్రం కొన్నప్పటి ముచ్చట, అవ్వను చూడడానికి వచ్చిన రోజు జట్కా చక్రం ఊడిపోతే నడిచొచ్చి, ఆ మాట సిగ్గుతో ఎవరికీ చెప్పని ముచ్చట. అవ్వ నోరు తెరుచుకుని వింది. "అందుకేనా ఆనాడు అంత దుమ్ము గొట్టుకొని ఒచ్చినవు!" అంది. పొద్దు వాలేముందు ఇప్పపువ్వు గంపలతో ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. గంపలు వెనక పెట్టారు. చిట్టికి అంతకంటే ఏం కావాలి. అది మూతి గంపలో పెట్టి మూడు మైళ్ళు తింటూ నడిచింది. గంప గలామె వెనక్కి తిరిగి చూసేసరికి అడుగున నాలుగు పూలు మిగిలాయి. ఆమె తిట్టలేదు. "తిననియ్యి, నోరు లేనిది" అంది.

మొన్న కారులో అదే దారిన పోయాం. ఏసీ వేసి అద్దాలు ఎత్తేశారు. ఇప్పపువ్వు వాసన వస్తుందేమోనని కాస్త అద్దం దించితే, "దుమ్ము అత్తమ్మా" అన్నాడు అల్లుడు. రోడ్డు బాగుంది, నేను అబద్ధం ఎందుకు చెప్పాలి, మా కాలపు గుంతలు తలుచుకుంటే ఇప్పటికీ నడుము నొప్పి పుడుతుంది. దవాఖానకు పోవాల్సిన మనిషి ఇప్పుడు గంటలో పోతున్నాడు, అప్పట్లో దారిలోనే ప్రాణం మీదికొచ్చేది. ఆ రోజులే బంగారమని నేను అనను. కాని ఆ దారంతా కారులో మేము ముగ్గురమే కూర్చున్నాం, ఇంకో ఇద్దరికి చోటుంది, రోడ్డు పక్కన మనుషులున్నారు. ఎవరినీ ఎక్కించుకోలేదు. నేనూ అడగలేదు. అడగాలని తోచినందుకే కాస్త సిగ్గుపడ్డాను.

భూపాలపల్లిలో మేము అడగాల్సిన పని కూడా లేకపోయింది. బొగ్గుబావిలో షిఫ్టు దిగిన కార్మికులు నల్లటి మొహాలతో వచ్చి, జట్కా చూసి చిన్నపిల్లల్లా కేకలు వేస్తూ ఎక్కేశారు. అవ్వ ఉతికి కట్టుకున్న చీర ఆ పూటతో సరి. అప్పటికి పగ్గాలు నా చేతిలో బాగానే నిలుస్తున్నాయి, బండి నిండితే గౌరి ఎవరి చేతికైనా వస్తుందని తేలిపోయింది. అయినా మహదేవపూర్ దాటాక తాత దిగులుపడ్డాడు. ఇంతకాలం తెలియక చెప్పలేదు, ఇప్పుడు తెలిసి దాస్తే మోసం అవుతుందన్నాడు. లస్మక్క చాయ కొట్టు ముందు బండి ఆగగానే, నీళ్ళైనా తాగకుండా చెప్పేశాడు. "బిడ్డా, దీనికొక ఐబున్నది. ఆరుగురు ఎక్కితెగాని కదలది. ఒద్దంటె చెప్పు."

లస్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని విని, "ఓ మామా, ఖాళీ బండి నేను మాత్రం ఎందుకు తోల్త?" అంది. తాత ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు. నేను అక్కడే ఏడ్చేశాను, ఎందుకో తెలియదు. తొమ్మిది రోజుల భయం అట్లా దిగిపోయింది.

మర్నాడు పొద్దున బస్సు దిగిన యాత్రికులు ఆరుగురు ఎక్కారు. పలక మీద లస్మక్క కూర్చుంది. నేనూ అవ్వా కొట్టు ముందు నిలబడ్డాం. తాత ఇంకాస్త ముందుకు పోయి రోడ్డు పక్కన నిలబడ్డాడు. గౌరి కదిలింది, లస్మక్క చేతిలో, ఆమె ఇంట్లోనే పుట్టినట్టు. వెనక చిట్టి. బండి దగ్గరికి రాగానే, వెళ్ళిరమ్మని చెప్పాలనో ఏమో, తాత చెయ్యి పైకి లేచింది. గౌరి ఆయన ముందు ఆగిపోయింది.

రోడ్డు పక్కన ఎవరు చెయ్యెత్తినా జట్కా గుర్రం ఆగుతుంది. బండి నిండి ఉన్నా ముందు ఆగుతుంది, తర్వాతే తోలేవాళ్ళ మాట. జనగామలో గౌరి రోజుకు ఇరవైసార్లు అట్లా ఆగేది. ఎవరి చెయ్యైనా దానికి ఒకటే. ఈ సంగతి నాకు తెలుసు, అవ్వకు తెలుసు, తాతకు మా ఇద్దరికంటే బాగా తెలుసు. అయినా ఆయన ఎత్తిన చెయ్యి దించకుండా, కళ్ళనిండా నీళ్ళతో మా వైపు తిరిగి, "సూసినవానే? నా కోసం ఆగింది" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది. దారి పొడవునా ఆయనను ఒక్క మాటకూ వదిలిపెట్టని మనిషి, "ఔ, నీ కోసమే ఆగింది" అంది.

"ఎక్కు తాతా, జరుగుతం" అని బండిలోంచి ఒక యాత్రికురాలు పక్కకు జరిగింది. తాత కండువాతో కళ్ళు తుడుచుకుని, జీవితంలో మొదటిసారి ఆ బండిని చెయ్యెత్తి ఆపిన ప్రయాణికుడై ఎక్కి కూర్చున్నాడు. గౌరి ఏడుగురితో గోదావరి వైపు నడిచింది. నాకు తెలిసి అవ్వ ఆయనతో ఆడిన అబద్ధం అదొక్కటే.